వెదురు వేణువు అడుగున ఒక గొంతు

విశాఖపట్నం వెళ్ళి వచ్చానంటే నంద్యాలలో అందరూ సముద్రం గురించే అడుగుతున్నారు. చూశాను. పెద్దదే. కానీ నేను వెళ్ళింది దానికోసం కాదు. ఒక క్యాసెట్టు చివర రెండు నిమిషాలు మాత్రమే వినపడే ఒక మనిషి కోసం వెళ్ళాను. అతనెవరో నాకు తెలియదు. బతికి ఉన్నాడో లేదో కూడా అప్పటికి తెలియదు.

నాది మోటార్లు చుట్టే షాపు. పగలంతా కాలిన రాగితీగ వాసన, సాయంత్రమైతే పాటలు. ఆరేళ్ళ కిందట ఒక వారపత్రిక కలం స్నేహం పేజీలో ‘అన్ని రకాల సంగీతం వింటాను, క్యాసెట్లు మార్చుకుందాం’ అన్న ప్రకటన చూసి కార్డు రాశాను. అవతలి మనిషి సన్యాసిరావు. ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు, షిఫ్టు డ్యూటీలు. పేరుకే సన్యాసి, ఇంట్లో భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారు. అప్పటి నుంచి నెలకొక క్యాసెట్టు పోస్టులో అటూ ఇటూ తిరుగుతోంది. మా షరతు ఒకటే. క్యాసెట్టు ‘ఏ’ వైపు అడిగింది ఉండాలి, ‘బీ’ వైపు అడగనిది ఉండాలి.

ఆ అడగని వైపు పుణ్యమా అని, వయొలిన్ కచేరీ, సినిమా పాటా తప్ప మిగతాదంతా గోల అనుకునే నేను శాక్సఫోన్ విన్నాను, ఆఫ్రికా డప్పులు విన్నాను, ఖవ్వాలీలు విన్నాను, గిటార్లు చింపేసే రాక్ కూడా విన్నాను. బదులుగా మా చెక్కభజనలూ బుర్రకథలూ పంపాను. పోర్టులో ఓడ దిగినవాళ్ళ ద్వారా ఆయనకు దొరికే ఆల్బమ్‌లు మా ఊరికి ఈ జన్మలో రావు. సీడీలు వచ్చేస్తున్నాయంటున్నారు గానీ, మా దగ్గర అవింకా షాపుల్లో అద్దాల వెనకే ఉన్నాయి.

నాకో రోగం ఉంది. టేపు నాసిగా ఉన్నా, స్పీడు కాస్త తేడాగా ఉన్నా, కవరు మీద ఒక అక్షరం తప్పున్నా ఉత్తరంలో దులిపేస్తాను. నేను ఏళ్ళ తరబడి వెతుకుతున్న జపాన్ వెదురు వేణువు ఆల్బం దొరికిందని ఆయన రాసినప్పుడు, ‘చవక టేపు మీద ఎక్కిస్తే తిప్పి పంపుతాను. మంచి ఫారిన్ క్యాసెట్టు దొరికితేనే ఎక్కించండి’ అని జవాబిచ్చాను. ఆ వాక్యం రాసిన చెయ్యి నాదే.

క్యాసెట్టు వచ్చింది. మంచిదే, ఫారిన్‌దే. ఆ వేణువు మన వేణువులా కాదు. ఒక్కసారి ఊది చాలాసేపు ఊరుకుంటాడు, మళ్ళీ ఊదుతాడు. ఆ ఊరుకున్నప్పుడల్లా అడుగున ఇంకెవరో ఉన్నారు. మొదట వీధిలో ఎవరో అనుకుని తలుపేసి వచ్చాను. తలుపేసినా ఉన్నారు. చెవులకు హెడ్‌ఫోన్ పెడితే ఇంకా దగ్గరకొచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలకు, నలభై డిగ్రీల ఎండలో, నా చేతుల మీద రోమాలు లేచాయి.

‘ఏ’ వైపు చివర వేణువు అయిపోయాక రెండు నిమిషాల టేపు మిగిలింది. అక్కడ అతను పూర్తిగా పైకొచ్చాడు. టక్కుమని బొత్తాం చప్పుడు, ఒక క్షణం గరగర, తరువాత గొంతు. వల లాగేటప్పుడు పాడుకునే పదం లాంటిది ఒకటి పాడి, ఎవరినో కేకేశాడు. “లాగండ్రా! ఒడ్డు కనపడతంది! ఒడ్డు కనపడతంది!” అక్కడ టేపు అయిపోయింది.

క్యాసెట్టు తీసి చూశాను. దాని నెత్తిన రెండు పక్కలా చిన్న ప్లాస్టిక్ పుల్లలుంటాయి. అవి విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ ఇంకొకటి ఎక్కించలేరు. పోగొట్టుకోకూడని పాటకు మేం చేసే పని అది. ఈ క్యాసెట్టుకు ఎవరో రెండు పుల్లలూ విరిచేశారు. ఆ కన్నాల మీద ఇంకెవరో ప్లాస్టర్ ముక్కలు అతికించి, మళ్ళీ ఎక్కించారు. అంటే ఈ మనిషిని ఒకరు దాచుకోబోయారు, ఇంకొకరు చెరిపేశారు. చెరిపించింది నేను.

విశాఖ వెళ్తానంటే మా ఆవిడ “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అంది. ఆ మాట నిజమే గానీ, అప్పటికి నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదు.

ఉక్కునగరం

పట్టపగలు పదకొండు గంటలకు ఒక ఊరు ఊరంతా నిద్రపోవడం నేనెక్కడా చూడలేదు. సెక్టార్లు, గీత గీసినట్టున్న రోడ్లు, ఒకే అచ్చులో పోసిన క్వార్టర్లు. కిటికీలన్నిటికీ మందపాటి తెరలు. సైకిలు మీద పోతున్న ఒకాయనను అడ్రసు అడిగితే ముందు నోటిమీద వేలు పెట్టుకున్నాడు.

“మెల్లగా బాబూ. ఈ వరసంతా రాత్రి డ్యూటీ సేసొచ్చి పడుకున్నారు.”

మా దగ్గర పగలు తలుపులు మూశారంటే చావో, జప్తో అయుండాలి. ఇక్కడ అది మామూలట. నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతుంటే, ఆ చప్పుడు వెనకాలే ఇంకెవరో నడుస్తున్నట్టనిపించి రెండుసార్లు తిరిగి చూశాను.

ఆరేళ్ళు అక్షరాల్లో చూసిన మనిషిని మొదటిసారి ఎదురుగా చూడటం వింతే. ఉత్తరాల్లో ‘గారు’ పెట్టి రాసే సన్యాసిరావు గుమ్మంలోనే గట్టిగా కావలించుకుని, “వొచ్చీసినావేటి బావా!” అని వీధంతా లేచేట్టు అరిచాడు. ఎందుకంత గట్టిగా మాట్లాడతాడో కాసేపట్లోనే తెలిసింది. ఎడమ చెవి చిన్నప్పటి నుంచే పనిచేయదట. కుడి చెవికి సన్నటి శబ్దాలు అందవట. చెవిటివాడి ముందు శంఖం ఊదడం గురించి సామెత ఉంది. నాకు ఆరేళ్ళుగా శంఖాలు ఎంచి పంపుతున్నది ఆ చెవిటివాడే.

“మరి ఉత్తరాల్లో ఎన్నడూ చెప్పలేదేందన్నా?” అన్నాను.

“సెప్తే నువ్వు పంపుతావా బావా? ఉన్న ఒక్క సెవీ ఉన్నన్నాల్లే గదా. అందుకే అన్నీ ఇనీయాలని నా తొందర.”

ఆయన భార్య పైడమ్మ భోజనం పెట్టింది. పనసపొట్టు కూరలో ఆవ పెడతారు. అది ముక్కుదాకా ఎక్కి కళ్ళు తుడుచుకునేట్టు చేసింది. పప్పులో కాస్త బెల్లం. మిరపకాయ తప్ప వేరే రుచి ఎరగని నా నాలుక అయోమయంలో పడింది. మా రాగులను చోళ్ళంటారు. మేం సంగటి చేసుకునే వాటితో వీళ్ళు అంబలి కాస్తారు.

తిన్నాక క్యాసెట్టు పెట్టాను. వేణువు మొదలవగానే పైడమ్మ పళ్ళేలు తీసుకుని వెళ్ళిపోయింది. సన్యాసిరావు కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. మౌనం వచ్చింది. అడుగున ఆ మనిషి పాడుతున్నాడు.

“వినపడుతోందా?”

“ఏటి? ఏటీ నేదే.”

శబ్దం పెంచాను. అయినా ఏమీ లేదన్నాడు. నాకే మతి చలించిందా అనుకున్నాను. అప్పుడు వంటింట్లోంచి పైడమ్మ మాట వచ్చింది.

“నాకు ఇనపడతన్నాడన్నా. ఈయన ఎక్కించిన రోజే సెప్పినాను, ఇందులో ఎవులో ఉన్నారని. ఈ కేసెట్టు ఎట్టినంతసేపూ నాను ఆ గదిలోకి రాను.”

సన్యాసిరావు మొహం వాడిపోయింది. టేపు మంచిదని పూర్ణా మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నాడట. కొన్నప్పుడు కాసేపు విన్నాడట కూడా.

“ఎవులో మొగోల్లు కూతలేత్తన్నారు బావా. సంగీతం కాదు గదా అనుకున్నాను. పుల్లలిరిగున్నాయి, పిలాస్టరెట్టీసినాను.”

ఆయనది పాత మిషను కావడంతో చెరిపే హెడ్డు అరిగిపోయింది. పైన కొత్తది ఎక్కించినా కింద పాతది పూర్తిగా చెరగలేదు. అందుకే ఆ మనిషి వేణువు కిందనుంచి పలుకుతున్నాడు. కారణం తెలిశాక భయం తగ్గాలి. నాకు తగ్గలేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర

మర్నాడు ఇద్దరం పాత క్యాసెట్ల అతని దగ్గరికి వెళ్ళాం. నేల మీద పరదా, దాని మీద వందల క్యాసెట్లు. భక్తి పాటల పక్కన డిస్కో, డిస్కో పక్కన ఇంగ్లీషు నేర్చుకునే పాఠాలు. పాతవి పది రూపాయలు, ఫారిన్‌వైతే పాతిక. మా ఊళ్ళో అయితే ఎవరివి వాళ్ళు పెళ్ళాం నగల్లా దాచుకుంటారు. ఇక్కడ పోర్టు ఊరు కదా, చేతులు మారడం అలవాటు. వచ్చిన పని మరిచి రెండు శాక్సఫోన్ క్యాసెట్లు పక్కకు తీశానని ఒప్పుకుంటున్నాను. మనిషికి సిగ్గుండాలి.

పుల్లలు విరిగిన క్యాసెట్టు చూపిస్తే అమ్మే అతను దాన్ని ముట్టుకోలేదు.

“ఇది నీ కాడుందేటి? దీనికోసం ఒకావిడ నా ప్రాణం తీసేత్తంది బాబూ.”

“ఎవరామె?”

“జాలరిపేట. పోలమ్మ. ఏడాది కిందట డబ్బులకి ఇబ్బందై టూ ఇన్ వన్ నాకు అమ్మీసినాది. లోపల కేసెట్టు ఉండిపోనాదని ఆవిడకీ తెల్దు, నాకూ తెల్దు. మర్నాడు పరిగెట్టుకొచ్చినాది. అప్పటికే టేపురికార్డరు ఒకరు, కేసెట్టు ఇంకొకరు అట్టుకెల్లిపోనారు. అప్పట్నుంచీ నెలకోపాలి వొత్తాది. వొచ్చి ఏటీ అనదు. ఈ గుట్టంతా ఒక్కొక్కటీ తీసి సూసుకుని ఎల్లిపోతాది.”

“ఏముంది దీంట్లో?” అన్నాను.

“ఆవిడ మొగుడు. ఇంకా నలుగురు. సముద్రం మీద ఏటకెల్లి మూడేల్లయినాది. గాలివానొచ్చిన రోజు. పడవా రానేదు, మనుసులూ రానేదు.”

సన్యాసిరావు నా పెదవులు చూసి మాట పట్టుకునే ప్రయత్నం చేస్తున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. విని, చేతిలో ఉన్న క్యాసెట్లు పరదా మీద పెట్టేశాడు. నేనూ పెట్టేశాను.

జాలరిపేట

మూడో రోజు వెళ్ళాం. ఒడ్డున తెప్పలు, ఆరేసిన వలలు, గంపల్లో కానాగంతలు, కవళ్ళు అనే చేపలు. ఒకామె నన్ను ఆపి, వంజరం ఇంత లేతది మళ్ళీ దొరకదని అరగంట బేరం పెట్టింది. చేపలు తిననివాణ్ణని చెబితే, తప్పిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు జాలిగా చూసింది. పోలమ్మ ఇల్లు చూపించింది ఆమే.

పోలమ్మకు నలభై ఉండొచ్చు. నుదుట పెద్ద బొట్టు, మోచేతి దాకా గాజులు. మా వైపు భర్త పోతే పదకొండో రోజు కార్యంతో అవన్నీ పోతాయి. నేను గాజుల వంక చూడటం ఆమె చూసింది.

“ఒడ్డుకి రానోడు పోయినట్టు కాదు బాబూ,” అంది. “మా అత్త అలాగే ఉంది, నానూ అలాగే ఉన్నాను. ఏటి పని మీద వొచ్చినారు?”

క్యాసెట్టు తీసి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పలేదు. బొటనవేలితో నెత్తిన తడిమి, ప్లాస్టర్ తగలగానే ఆగిపోయింది.

“నానే ఇరిసినాను ఇవి. ఇరిసేత్తే సెరిగిపోదని షాపోడు సెప్పినాడు.”

కరెంటు లేదు. ఎదురింటి కాసులమ్మ తన టేపురికార్డరు తెచ్చింది. సెల్స్‌తో నడిచేది. కాసులమ్మ భర్త దానయ్య కూడా అదే పడవలో వెళ్ళాడట. ఇంకో ఇల్లవతల ముసలి లక్ష్మమ్మ ఉంటుంది, ఆమె కొడుకు నూకరాజూ అందులోనే వెళ్ళాడు. మిగతా ఇద్దరి ఇంటివాళ్ళు ఊరొదిలి వెళ్ళిపోయారు. ఒక పండగ రోజు ఐదుగురూ ఒడ్డున కూచుని పదాలు ఎక్కించుకున్నారట. ఆ రోజు ఆడవాళ్ళంతా చేపలమ్మడానికి వెళ్ళారు. ఎవరు ముందు పాడారో, ఎవరు వెనక పాడారో ఎవరికీ తెలియదు.

టేపును చివరికి తిప్పి పెట్టాను. వేణువు ఆఖరి ఊదు, తరువాత మౌనం. గుమ్మం బయట గంపల బేరాలు కూడా ఆగినట్టనిపించింది. టక్కుమంది. గరగర.

“ఈయనే,” అంది పోలమ్మ.

పాట ఇంకా మొదలే కాలేదు. తొందరపడింది పాపం అనుకున్నాను. అప్పుడు గొంతు వచ్చింది. పదం, కేక. “ఒడ్డు కనపడతంది!” పోలమ్మ కదలలేదు, ఏడవలేదు. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. అలా ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్క లేదు. అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ కాసులమ్మ ఉన్నట్టుండి కూలబడింది.

“ఇది మా దానయ్య గదా! ఇందాక ఎందుకు పోల్చుకోనేదు నాను? దానయ్యే!”

పోలమ్మ ఆమె వంక చూసి, జరిగి పక్కన చోటిచ్చింది. ఎవరో వెళ్ళి లక్ష్మమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. అప్పటికి గొంతు ఇంకా లావైంది, మాట మాటకీ మధ్య ఎడం పెరిగింది. నూతి అడుగునుంచి పిలుస్తున్నట్టుంది. ముసలామె టేపురికార్డరు మీద అరచెయ్యి పెట్టుకుని విన్నది.

“నా నూకరాజే. వోడికి జలుబు సేత్తే ఇలాగే మాటాడతాడు. తడిసిపోనాడు గదా, జలుబు సేసీసినాది.”

జరుగుతున్నదేమిటో ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు. సెల్స్ అయిపోతున్నాయి. సెల్ దిగేకొద్దీ మోటారు మెల్లబడుతుంది, మోటారు మెల్లబడితే గొంతు లావవుతుంది. నేను రోజూ చేసే పనే. ఉన్నది ఒక్క గొంతు. సెల్స్ దిగిపోతూ దాన్ని ముగ్గురికీ పంచాయి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

సరిగ్గా అప్పుడు ఆ చిన్న మిషను మాటలు అందని సన్యాసిరావు, “ఏటంతన్నాడు బావా ఆ మనిసి?” అని గట్టిగా అడిగాడు. గట్టిగానే జవాబు చెప్పాల్సి వచ్చింది.

“ఒడ్డు కనపడుతోంది అంటున్నాడు.”

నా నోట ఆ మాట విని ముగ్గురు ఆడవాళ్ళూ నా వైపు తిరిగారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మోటారు సంగతి చెప్పలేదు.

కాసేపటికి పోలమ్మ అడిగింది. “మిగతాది ఏది బాబూ? అటూ ఇటూ కలిపి గంట ఉండాల.”

తప్పించుకోవాలనిపించింది. సన్యాసిరావు మీదకు తోసేయొచ్చు, చెవిటివాడు కదా, ఆయనకు వినపడదు కూడా. కానీ చెప్పేశాను. వేణువు పాట నేనే అడిగానని, మంచి క్యాసెట్టు మీదే కావాలని పట్టుబట్టింది నేనేనని, దానికోసం అంతా చెరిగిపోయిందని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“బాగుంటాదా ఆ పాట?” అని అడిగింది.

“బాగుంటుంది,” అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

తిరిగి ఉక్కునగరం

ముగ్గురికీ తలొక కాపీ ఇస్తామని క్యాసెట్టు తెచ్చుకున్నాం. మాకు చేతనైన విద్య అదొక్కటే. మూడు కొత్త క్యాసెట్లు కొన్నాం, ఒక్కొక్కటి ముప్ఫై అయిదు. నా జేబు స్క్రూడ్రైవరు నాతోనే ఉంటుంది. సన్యాసిరావు టేపుడెక్కు వెనక మూత తీసి, మోటారు కన్నంలో ఉండే చిన్న స్క్రూ వెతికాను. అది తిప్పితే స్పీడు మారుతుంది.

“ఏటి సేత్తన్నావు బావా?”

చెప్పాను. పోలమ్మది సరైన స్పీడులో, కాసులమ్మది కాస్త కిందికి, లక్ష్మమ్మది ఇంకా కిందికి. ఎవరు ఏ గొంతును గుర్తుపట్టారో వాళ్ళకు ఆ గొంతు.

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. “పిసరంత స్పీడు తేడా ఉందని నా మీద నాలుగు పేజీల ఉత్తరం రాసినోడివి! ఇది మోసం కాదేటి?”

నేను స్క్రూడ్రైవరు కన్నంలో పెట్టాను. వెనక గదిలోంచి పైడమ్మ వచ్చి, తనంతట తాను మిషను పక్కన కూచుంది. అక్కడ విన్న గొంతులు ఎలా ఉన్నాయో నేను పలికి చూపించాను. “ముసలావిడది ఇంకొంచెం దించన్నా. సరిపోనేదు,” అంది. ఆవిడ చెవి లేకపోతే మేమిద్దరం ఆ పని చేయలేకపోయేవాళ్ళం. ఒక్కోసారి స్క్రూ తిప్పుతుంటే ఆ మనిషి ఒకరిలోంచి ఇంకొకరిలోకి మారిపోతుండేవాడు. నడుమ ఒకచోట ఎవరిదీ కాని గొంతు పలికింది. అక్కడ పైడమ్మా నేనూ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాం. ఆ మిగతా ఇద్దరిలో ఎవరైనానేమో. తెలుసుకునే దారి లేదు.

పని శుభ్రంగా చేశాను. పాటకు ముందు టక్కు, గరగర లాంటి చెత్త లేకుండా, సరిగ్గా గొంతు మొదలయ్యే చోట పట్టుకున్నాను. కవర్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఎర్రయ్య, పోలమ్మ భర్త. దానయ్య. నూకరాజు. పుల్లలు ఆరూ నేనే విరిచాను.

అసలు క్యాసెట్టు మాత్రం నా సంచిలోకి వెళ్ళింది. ఒకరికిస్తే మిగతా ఇద్దరూ బాధపడతారు, అది న్యాయం కాదని సన్యాసిరావుతో అన్నాను. పెద్దమనిషిలా తలూపాడు. నిజం ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆ వేణువు కావాలి. ఆల్బం ఓడవాడిది, ఓడతోపాటు వెళ్ళిపోయింది. ఇక ఇంకోటి దొరకదు.

జాలరిపేట, ఆఖరి రోజు

కాసులమ్మ టేపురికార్డరులో కొత్త సెల్స్ వేసి, ఆమెకు ఆమెది ఇచ్చాను. విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లక్ష్మమ్మకు ఆమెది ఇచ్చాను. వినకుండానే రవికెలో దాచుకుంది. వద్దన్నా వినకుండా సన్యాసిరావుకు ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం కట్టిచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడు.

పోలమ్మ తన క్యాసెట్టు పెట్టించుకుంది. పాట మొదలైంది, కేక అయిపోయింది. ఆమె ముందుకు వంగి ఇంకా వింటూనే ఉంది. వెనక్కి తిప్పమంది. మళ్ళీ వింది. తరువాత మిగతా ఇద్దరూ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“మా ఆయనేడి బాబూ?”

“ఇదే కదమ్మా. నువ్వే కదా గుర్తుపట్టావు.”

“ఈ పాడేవోడెవడో నాకు తెల్దు. దానయ్యో, నూకరాజో, ఎవులైతేనేటి, ఆల్లకి సెప్పకు. మా ఆయనకి పాట రాదు. అందరిసేతా పాడించి మిషను సేతిలో అట్టుకుని బొత్తాం నొక్కినోడు ఆయన. ఆయనకి ఆయాసం. బొత్తాం నొక్కినప్పుడల్లా మైకు మీదే ఊపిరి తీసేవోడు. పాటకి ముందు మొన్న ఇనపడినాది గదా? అదే మా ఆయన. ఇందులో నేదు.”

గరగర. చెత్త అని నేను కత్తిరించిపారేసిన ఆ ఒక్క క్షణం. ఆమె ఏడాదిపాటు పరదా మీది గుట్టల్లో వెతికింది దానికోసమే. గంట టేపులో ఐదుసార్లో పదిసార్లో ఉండి ఉంటుంది. నా వేణువు పోగా ఒక్కటి మిగిలింది. నా శుభ్రత దాన్ని కూడా తీసేసింది.

సంచిలోంచి అసలు క్యాసెట్టు తీసి ఇచ్చాను.

“మరి నీ పాట?” అంది.

“వినేశాను,” అన్నాను.

ప్లాస్టర్ ముక్కలు గోటితో ఊడబీకి, టేపును ఆ చోటికి తిప్పాను. వేణువు ఆఖరి ఊదు అయింది. టక్కుమంది. ఇప్పుడు చెవి పెట్టి వింటే అది గరగర కాదు. చాలా దగ్గరగా, మన పక్కనే కూచున్న మనిషి కష్టపడి లోపలికి తీసుకునే ఊపిరి. పోలమ్మ కళ్ళు మూసుకుంది. ఆ వెంటనే పాట మొదలైంది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“ఇంకోపాలి ఎయ్యి బాబూ. పాట దాకా పోనీకు.”

వెనక్కి తిప్పాను. బొత్తాం మీద వేలు ఉంచి, ఊపిరి అయిపోగానే ఆపాను.